పూత ఉంది, పిందె లేదు: ఎండల్లో వంగ లెక్క

ఏప్రిల్ నెలాఖరులో వంగతోటలో అడుగుపెడితే కాయల కంటే ముందు రాలిన పూలే కంటపడతాయి. ఊదారంగు రేకలు వాడి ముడుచుకుపోయి ఉంటాయి. కాడ మధ్యలో ఒకచోట పసుపు తిరిగి, వేలు తగిలితే చాలు పువ్వంతా ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. మొక్కను చూస్తే ఏ జబ్బూ కనపడదు. ఆకు పచ్చగానే ఉంది, చిగురు వేస్తోంది, నీళ్ళూ పెడుతున్నాం. అయినా పిందె నిలవదు. "పూత విరగబూసిందండీ, ఒక్క కాయా పట్టలేదు" అన్న మాట ఈ రోజుల్లో పొలం గట్టు మీదా వినిపిస్తుంది, పట్నంలో మిద్దె తోటల దగ్గరా వినిపిస్తుంది.

మందుల దుకాణానికి వెళ్ళి సీసా కొనేముందు నాలుగైదు అంకెలు తెలుసుకుంటే ఆ డబ్బు చాలావరకు మిగులుతుంది. వంగ మన నేల పంట. ప్రపంచంలో చైనా తర్వాత ఎక్కువ వంకాయలు పండించేది మనమే, ఏటా 1.2 కోట్ల టన్నులకు పైగా. వేడి దేశంలో పుట్టి పెరిగిన మొక్క కనుక ఎండకు జంకదని అందరం అనుకుంటాం. అందులో సగమే నిజం. మొక్క తట్టుకుంటుంది, పువ్వు తట్టుకోదు. వేసవిలో వంగ సాగు చేయడమంటే ఈ తేడాను కనిపెట్టుకుని ఉండటమే.

35 దాటితే

వంగ హాయిగా పెరిగేది 21 నుంచి 30 డిగ్రీల మధ్య. విత్తనం 25 నుంచి 30 మధ్య బాగా మొలుస్తుంది. 30 దాటినా ఆకులు, కొమ్మలు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి మనకు అనుమానం రాదు. 35 దాటాక పుప్పొడి దెబ్బతినడం మొదలవుతుంది. రేణువులు తగ్గుతాయి, ఉన్నవాటిలోనూ చాలావరకు మొలకెత్తవు. 40 దాటి అలాగే కొన్నాళ్ళు సాగితే పూత పూతగానే రాలిపోతుంది.

ఇక మన ఊళ్ళ సంగతి చూడండి. హైదరాబాద్‌లో మే నెల పగటి సగటు 39 దగ్గర, రాత్రి సగటు 26 దగ్గర. కోస్తాలో పగలు ఎలా ఉన్నా రాత్రులు మరీ ఉక్కగా ఉంటాయి. విజయవాడలో మే రాత్రి 27, 28 కిందికి దిగడం కష్టం. రెంటచింతల, రామగుండం, ఖమ్మం వైపు పగలు 44, 45 కొత్తేమీ కాదు.

రాత్రి అంకెను మనం పెద్దగా పట్టించుకోం. పట్టించుకోవాలి. పగలు ఆకు తయారుచేసుకున్న చక్కెరలో కొంత రాత్రి మొక్క ఊపిరికే ఖర్చవుతుంది. రాత్రి ఎంత వేడిగా ఉంటే ఆ ఖర్చు అంత పెరుగుతుంది, పువ్వుకూ పిందెకూ మిగిలేది అంత తగ్గుతుంది. పగలు ఒకేలా కాసినా, తెల్లవారుజామున చల్లబడే ఊళ్ళో వంగ ఇంకొన్నాళ్ళు ఎక్కువ కాపు నిలుపుకోవడానికి కారణం ఇదే.

అన్నిటికంటే ముఖ్యమైన అంకె మరొకటుంది. ఈ రోజు రాలిన పువ్వుకు దెబ్బ తగిలింది ఈ రోజు కాదు. వంగకు దగ్గరి చుట్టమైన టమాటాలో దీన్ని బాగా పరిశీలించారు. పువ్వు విచ్చడానికి 7 నుంచి 15 రోజుల ముందు, మొగ్గ ఇంకా చిన్నగా ఉన్నప్పుడే, లోపల పుప్పొడి రూపుదిద్దుకుంటుంది. అప్పుడు తగిలిన వేడే దాన్ని గొడ్డుగా మారుస్తుంది. వంగ టమాటా కంటే కాస్త ఎక్కువ వేడి ఓర్చుకున్నా ఈ పది రోజుల లెక్కను ఉజ్జాయింపుగా వాడుకోవచ్చు. ఏప్రిల్ 30న విచ్చిన పువ్వు ఎందుకు రాలిందో తెలియాలంటే ఏప్రిల్ 20 నాటి ఎండ ఎంతో చూసుకోవాలి.

ఈ లెక్క తెలియకపోతే ఒక పొరపాటు జరుగుతుంది. ఏప్రిల్ మూడో వారంలో ఓ అకాల వర్షం పడి నాలుగు రోజులు చల్లబడుతుంది. ఆ చల్లదనంలో తయారైన మంచి పుప్పొడి పది రోజుల తర్వాత విచ్చే పూలలోకి వస్తుంది, పిందె నిలుస్తుంది. ఈలోగా మనం ఏదో ఒక మందు కొట్టి ఉంటాం. కాయ పట్టింది మందు వల్లే అనుకుని మరుసటి ఏడు నడి ఎండలో అదే మందు మళ్ళీ కొంటాం.

పువ్వును చేతిలోకి తీసుకోండి

వంగపువ్వు పొద్దున ఆరు, ఏడున్నర మధ్య విచ్చుకుంటుంది. ఆ వేళ ఒక పువ్వును మెల్లగా మీ వైపు తిప్పి చూడండి. మధ్యలో పసుపు కేసరాలు ఐదారు ఒకదానికొకటి ఆనుకుని, చిన్న గోపురంలా నిలబడి ఉంటాయి. ఆ గోపురం నడి నుంచి లేత ఆకుపచ్చ ముత్యంలాంటి మొన ఒకటి పైకి తొంగిచూస్తుంటే, అది కీలాగ్రం. పుప్పొడి పడాల్సిన చోటు అదే. అలా పొడుచుకువచ్చిన పువ్వే కాయకు పనికొచ్చే పువ్వు.

పక్క పువ్వును చూడండి. అందులో ఆ మొన కేసరాలతో సమానంగా ఉండవచ్చు. ఇంకో దాంట్లో అసలు కనపడదు, రేకలు విప్పి చూస్తే గోపురం అడుగున చిన్న మొద్దులా ఉండిపోయి ఉంటుంది. ఒకే మొక్క మీద ఇన్ని రకాలు ఉండటం వంగ స్వభావం. కీలం పొడవుగా ఉన్న పూలలో పదికి ఏడు, ఎనిమిది పిందె కడతాయి. మధ్యరకంలో పదికి ఒకటి నుంచి ఐదు. పొట్టి కీలం పూలలో కాయ కట్టదు. అవి గొడ్డు పూలు. వాటిని లెక్కలోంచి తీసేయాల్సిందే. మొక్క ముదిరినా, మీద కాయ భారం ఎక్కువైనా, పోషకాలు చాలకపోయినా, వేడి ముదిరినా ఈ గొడ్డు పూల వాటా పెరుగుతుంది.

అందుకని నేనైతే ఒక చిన్న పరీక్ష చేయమంటాను. ఉదయం ఏడింటికి తోటలో అక్కడక్కడా తిరిగి 20 పూలు చూడండి. 12, 13 పూలలో కీలాగ్రం పైకి కనపడుతూ, అయినా పిందె నిలవకపోతే లోపం పుప్పొడిది, లేదా పుప్పొడి మొనను చేరడం లేదు. సగానికి పైగా గొడ్డు పూలే అయితే మొక్క అలసిపోయింది. దానికి తిండి, నీళ్ళు, విశ్రాంతి కావాలి. ముదిరిన కాయలన్నీ ఆ రోజే కోసేయండి. మొదటి సమస్యకు వాడే మందు రెండోదానికి పనిచేయదు.

పుప్పొడి మొనను చేరడం గురించి కూడా చెప్పాలి. వంగ కేసరాలు చాలా పూలలోలా పక్కకు పగలవు. ఉప్పు చల్లే సీసా మూతలా కొసన రెండు సన్నని రంధ్రాలు ఉంటాయి, పుప్పొడి అందులోంచే రావాలి. ఎవరో ఒకరు ఊపాలి. గాలి కొంత ఊపుతుంది. అసలు పని తుమ్మెదలది, నీలి చారల అడవి తేనెటీగలది. అవి పువ్వును కాళ్ళతో పట్టుకుని ఒళ్ళంతా ఝుమ్మని వణికిస్తాయి, ఆ వణుకుకు పుప్పొడి జల్లున రాలుతుంది. మనం పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఈ విద్య రాదు. అందుకే తేనెపెట్టెలు పక్కనే ఉన్నా వంగకు పెద్దగా కలిసిరాదు. తుమ్మెదలు తిరిగే వేళ పొద్దుటిపూటే. పురుగుమందు కొట్టక తప్పదనుకుంటే పొద్దుగూకాక కొట్టండి. ఉదయం ఏడింటికి కొట్టే మందు పురుగు కంటే ముందు తుమ్మెదను చంపుతుంది.

మిద్దె మీద నాలుగో అంతస్తులో తుమ్మెద రాకపోతే ఏడు, తొమ్మిది గంటల మధ్య పువ్వు వెనక కాడను వేలితో టకటకమని నాలుగుసార్లు తట్టండి. బ్యాటరీతో నడిచే పళ్ళ బ్రష్ ఉంటే దాని వెనక వైపును కాడకు రెండు, మూడు సెకన్లు ఆనించినా చాలు. పసుపు పొడి రాలడం కంటికి కనపడుతుంది. పది తర్వాత ఎండ ముదిరాక చేసినా ఫలితం తక్కువ.

నీళ్ళు ఎన్ని లీటర్లు

"రోజూ నీళ్ళు పెడుతున్నాం" అంటే ఎన్ని అని అడగాలి. మే నెలలో ఆరుబయట పళ్ళెంలో పెట్టిన నీళ్ళు రోజుకు 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఆవిరైపోతాయి. 8 అనే తీసుకుందాం. అందులో సుమారు 70 శాతం, అంటే 5.6 మిల్లీమీటర్లు పంట తాగే నీటికి కొలత. బాగా గుబురెక్కిన వంగకు ఇంకాస్త కలిపి 6 అనుకోండి. ఎకరంలో ఒక మిల్లీమీటరు నీళ్ళంటే 4,047 లీటర్లు. ఆరు మిల్లీమీటర్లకు 24,000 లీటర్లు పైచిలుకు. సాళ్ళ మధ్య 75, మొక్కల మధ్య 60 సెంటీమీటర్లు ఎడం పెడితే ఎకరాకు దాదాపు 9,000 మొక్కలు. భాగిస్తే మొక్కకు రోజుకు 2.7 లీటర్లు. గంటకు 2 లీటర్లిచ్చే డ్రిప్పర్ అయితే గంటా ఇరవై నిమిషాలు నడవాలి. అరగంట నడిపి ఆపేస్తే మొక్క బతుకుతుంది కానీ కాపు నిలవదు.

కాలువల్లో పారించేవాళ్ళకు ఇదే లెక్క ఐదు రోజులకు 30 మిల్లీమీటర్లు, ఎకరాకు లక్షా ఇరవై వేల లీటర్లు. ఒక తడికి ఇంకో తడికి మధ్య 4, 5 రోజుల కంటే ఎడం పెరిగితే మేలో పూత మొదటగా రాలుతుంది. బోరు అన్ని నీళ్ళు పొయ్యకపోతే ఎకరం వేసే బదులు అరెకరం వేయడం మేలు. సగం తడిసిన ఎకరం కంటే పూర్తిగా తడిసిన అరెకరం ఎక్కువ కాస్తుంది. ఈ మాట చెప్తే చాలామందికి నచ్చదు, అయినా చెప్పక తప్పదు.

మధ్యాహ్నం రెండింటికి ఆకులు వాలిపోయి ఉంటే కంగారుపడి నీళ్ళు గుమ్మరించకండి. వేళ్ళు లాగే వేగం కంటే ఆకు ఆవిరి చేసే వేగం ఎక్కువైనప్పుడు ఏ వంగైనా అలా వాలుతుంది, సాయంత్రానికి తేరుకుంటుంది. చూడాల్సింది తెల్లవారి ఆరింటికి. అప్పుడు కూడా వాలి ఉండి, నేల తడిగానే ఉంటే అది దాహం కాదు. ఒక మొక్కను పీకి, కాండాన్ని అడ్డంగా కోసి, గాజు గ్లాసులో మంచినీళ్ళు పోసి ఆ ముక్కను అంచున ముంచి పట్టుకోండి. కోసిన చోటు నుంచి సన్నని పాలదారం లాంటిది కిందికి దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. ఆ మొక్కకు నీళ్ళు పెట్టిన కొద్దీ పక్క మొక్కలకు అంటిస్తున్నట్టే. అలాంటి నేలలో మరుసటి పంటకు అర్క నిధి, అర్క కేశవ్ లాంటి తట్టుకునే రకాలే వేసుకోవాలి.

నేల మీద రెండు, మూడు అంగుళాల మందాన వరిగడ్డి గానీ ఎండుటాకులు గానీ పరిస్తే నేల వేడి తగ్గుతుంది, పెట్టిన నీళ్ళు నిలుస్తాయి. ప్లాస్టిక్ షీటు వాడేవాళ్ళు వేసవిలో వెండి రంగు వైపు పైకి ఉంచాలి. నలుపు పైకి ఉంటే వేళ్ళ దగ్గర ఇంకాస్త కాగుతుంది. పడమటి గాలి నేరుగా కొట్టే చేనైతే ఆ వైపు రెండు, మూడు వరసల జొన్న గానీ మొక్కజొన్న గానీ నాటు వేసే ముందే పోసుకోవాలి. తమలపాకు తోటల్లో నీడకు అవిసె పెంచే మన పాత పద్ధతి ఇలాంటి ఆలోచనే.

సీసాలోని మందు, ఆకు కింది నల్లి

పూత రాలితే కొట్టమని చెప్పే హార్మోను మందు సాధారణంగా నాఫ్తలీన్ అసిటిక్ ఆమ్లం, 4.5 శాతం ద్రావణం. 4.5 లీటర్ల నీటికి ఒక మిల్లీలీటరు కలిపితే 10 పి.పి.ఎం. అవుతుంది. వాడాల్సింది అంత పలచగా. "ఎండ ఎక్కువుంది కదా" అని రెట్టింపు పోస్తే చిగురు మెలితిరుగుతుంది, ఉన్న పూత కూడా రాలుతుంది. ఇది పువ్వు కాడ ఊడిపోకుండా కొంతవరకు ఆపగలదు. చచ్చిన పుప్పొడిని బతికించలేదు. 35, 37 దగ్గర ఊగిసలాడే రోజుల్లో ప్రయోజనం ఉండవచ్చు. 43 నడుస్తుంటే ఆ ఖర్చు దండగ.

ఎండాకాలం అసలు శత్రువు ఎర్రనల్లి. వేడిలో, దుమ్ములో ఇది పది రోజుల లోపే ఒక తరం పూర్తిచేస్తుంది. ఆకు పైన సన్నని తెల్ల చుక్కలు, కింద పల్చని బూజుగూడు కనపడితే అదే. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కొట్టమంటారు. మంచి మందే, కానీ 35 దాటిన రోజున కొడితే ఆకు మాడుతుంది. అలాంటి రోజుల్లో ఆకు అడుగున నీటి ధార గట్టిగా కొట్టడం, పొద్దుగూకాక లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనెను కాస్త సబ్బుతో కలిపి చల్లడం మేలు. కొమ్మ చివర వాడి వేలాడుతుంటే లోపల కాయతొలుచు పురుగు ఉన్నట్టు. వాడిన చోటికి అంగుళం కింద తుంచి కాల్చేయండి. ఆకులు చిన్నవై గుబురుగా ముడుచుకుంటే అది వెర్రి తెగులు. మందు లేదు, పీకేయడమే.

ఎరువు విషయంలో ఒక్క మాట. ఎకరాకు 40 కిలోల నత్రజని అంటే యూరియా రూపంలో 87 కిలోలు. దాన్ని మూడు భాగాలు చేసి 30, 60, 75 రోజులకు, ఒక్కోసారి 29 కిలోల చొప్పున, నేల తడిగా ఉన్నప్పుడే వేయాలి. పూత రాలుతోందని అదనంగా వేసిన యూరియా ఆకునే పెంచుతుంది. ఆ లేత ఆకు మీదికి పచ్చదోమ, తెల్లదోమ వచ్చి చేరతాయి.

మిద్దె మీద, అమెరికా పెరట్లో

కాంక్రీటు మీద పెట్టిన కుండీ రెండు వైపుల నుంచీ కాగుతుంది. మే మధ్యాహ్నం పడమటి వైపు కుండీ గోడకు అరచెయ్యి ఆనించి చూడండి, క్షణం కూడా ఉంచలేరు. వేళ్ళు ఆ గోడకే ఆనుకుని ఉన్నాయి. వంగ మొక్కకు కనీసం 15 నుంచి 20 లీటర్లు పట్టే కుండీ కావాలి. నల్ల సంచీ అయితే చుట్టూ తడి గోనెసంచి చుట్టండి, కింద రెండు ఇటుకలు పెట్టి లేపండి. పైన 35 శాతం నీడనిచ్చే గ్రీన్‌నెట్ ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు చాలు. 75 శాతం నెట్ కట్టి రోజంతా ఉంచితే మొక్క సన్నగా సాగి పూతే మానేస్తుంది. నీళ్ళు రోజుకు రెండు, మూడు లీటర్లు, పొద్దున సగం, సాయంత్రం సగం.

అమెరికాలో పెరటి తోట పెంచే మనవాళ్ళకూ ఇదే బాధ ఉంది. అరిజోనాలోని ఫీనిక్స్‌లో 2023 జూన్ 30 నుంచి జులై 30 వరకు వరసగా 31 రోజులు 110 ఫారెన్‌హీట్, అంటే 43.3 సెల్సియస్, లేదా అంతకు మించి నమోదైంది. అలాంటి నెలలో వంగ కాయలేదని మొక్క పీకేయకండి. మన 35 డిగ్రీలు అక్కడి 95. పగలు ఆ అంకె కిందికి దిగడం మొదలైన రెండు, మూడు వారాలకు అదే మొక్క మళ్ళీ కాస్తుంది.

ఇప్పుడు పొలంలో ఉన్న మొక్క

మే నెలలో ఉన్న వంగకు నేను చెప్పేది ఒక్కటే: కాయ అడగకండి, ప్రాణం నిలపండి. నీళ్ళు లెక్క ప్రకారం ఇవ్వండి, ఉన్న కాయలను మూడు, నాలుగు రోజులకోసారి నిగనిగ తగ్గకముందే కోసేయండి. మెరుపు పోయిన కాయలో గింజ ముదురుతుంది, మొక్క బలమంతా దానికే పోతుంది. రోహిణి వెళ్ళి మృగశిర వచ్చేది జూన్ 8న. తొలకరి పడ్డాక వెర్రి తెగులు, ఎండు తెగులు లేని మొక్కలను మాత్రమే నేల నుంచి అడుగు ఎత్తున కత్తిరించండి. మొక్క మొదట్లో రెండు దోసిళ్ళ చివికిన పశువుల ఎరువు వేసి మట్టి ఎగదోయండి. వేరు వ్యవస్థ సిద్ధంగా ఉంటుంది కనుక ఐదారు వారాల్లో మళ్ళీ పూత వస్తుంది. కొత్తగా నారు పోసి నాటితే మొదటి కోతకు 90 రోజులకు పైగా పడుతుంది. ఎండలోనే, మేలోనే తొందరపడి కత్తిరిస్తే నీడలేని కాండం మాడి ఎండిపోతుంది.

వచ్చే వేసవికి మాత్రం లెక్క ఇప్పుడే రాసిపెట్టుకోవచ్చు. జనవరి 10న నారు పోస్తే, 32 రోజుల నారు ఫిబ్రవరి 11న నాటుకు వస్తుంది. నాటిన 40 రోజులకు, మార్చి 23 ప్రాంతంలో, పూత. ఏప్రిల్ 12 నుంచి కోతలు. తొలి పూతలకు పుప్పొడి తయారయ్యేది మార్చి రెండో వారం నుంచి. అప్పటికి హైదరాబాద్‌లో పగటి సగటు 35 దగ్గర, రాత్రి 21 దగ్గర ఉంటుంది. ఏప్రిల్ మధ్య వరకు పిందె నిలుస్తుంది, మే మొదటి, రెండో వారం దాకా కాయ తెగుతుంది.

అదే నారు ఫిబ్రవరి 15న పోస్తే నాటు మార్చి 19కి, పూత ఏప్రిల్ 28కి పోతుంది. భరణి కార్తె మొదలయ్యేది ఏప్రిల్ 27న. భరణి, కృత్తిక, రోహిణి మూడూ కలిపి 42 రోజులు. పూతంతా సరిగ్గా ఆ 42 రోజుల్లోనే విచ్చుకుంటుంది. విత్తనం అదే, ఎకరాకు సూటి రకమైతే 260 గ్రాములు, సంకర రకమైతే 120 గ్రాములు. దుక్కి, ఎరువు, కూలి ఖర్చు అదే. ఐదు వారాల ఆలస్యం మొత్తం కాపును తినేస్తుంది.

వేసవిలో వంకాయ కావాలనుకునేవారు సంక్రాంతి లోపే నారుమడి పోసుకోండి.